పాత మబ్బు, కొత్త మబ్బు

కరకరగారి అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఆయన బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం చేస్తారు. బిస్కెట్‌ని చెవి దగ్గర పెట్టుకుని విరిచి, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విని, ఆ తర్వాతే నోట్లో వేసుకుంటారు. ఫ్యాక్టరీలో అది పని. ఎవరింటికి వెళ్ళినా అదే పని చేయడంతో ఆ పేరొచ్చి పడింది. ఆయన బాధపడలేదు. ఉద్యోగం వల్ల వచ్చిన పేరు గౌరవమే కదా అనుకున్నారు.

ఆయన భార్య బట్టలు కుడుతుంది. వీధివాళ్ళకి ఆవిడ టైలరమ్మ. గొడవ వచ్చింది ముందుగది గోడ దగ్గర.

ముందుగదికి అందరి గదుల్లాగే నాలుగు గోడలున్నా, పనికొచ్చేది ఒక్కటే. ఒకదాంట్లో వీధి తలుపు, ఒకదాంట్లో కిటికీ, ఇంకోదాంట్లో లోపలికి దారి. మిగిలిన ఆ ఒక్క గోడనీ కరకరగారి టీవీ ఆక్రమించుకుంది. ఇప్పటి పలకలాంటి టీవీ కాదది. వెనకాల ఎద్దుకున్నంత మూపురం ఉన్న పాతకాలపు టీవీ. కింద చెక్క బల్ల, బల్ల అరలో క్యాసెట్ ప్లేయరు, దాని పక్కన ఒకే ఒక్క క్యాసెట్. అందులో ఒకే ఒక్క సినిమా, ‘మేడమీది మబ్బు’.

కరకరగారు నిక్కర్లు వేసుకునే రోజుల్లో వచ్చిన సినిమా అది. డాబా మీద బట్టల తాడుకి చిక్కుకున్న బుల్లి మబ్బునొకదాన్ని ఓ అమ్మాయి విడిపించి ఇంట్లోకి తెచ్చుకుంటుంది. అటక మీద దాస్తుంది. మబ్బుకి సంతోషం వస్తే చినుకులు, కోపం వస్తే ఉరుములు. ఇంటిల్లిపాదీ తడిసి ముద్దవుతారు. చివరికి మబ్బు ఆకాశానికి వెళ్ళిపోతుంది, అమ్మాయి డాబా మీద నిలబడి చూస్తుంది. అంతే కథ. కరకరగారు ప్రతి ఆదివారం చూస్తారు. మబ్బు వెళ్ళిపోయే సీను వచ్చినప్పుడల్లా, ఈసారి వెళ్ళదేమో అన్నట్టు ముందుకి వంగి కూర్చుంటారు.

టైలరమ్మకి బట్ట కత్తిరించడానికి చోటు లేదు. భోజనాల బల్ల మీదే పరుస్తుంది. బట్ట తీస్తే గానీ కంచాలు రావు, కంచాలు తీస్తే గానీ బట్ట రాదు. ఒకరోజు కూరలో పడిన బొత్తాన్ని కరకరగారు కొరికారు. వృత్తిరీత్యా ముందు చప్పుడే విన్నారు కాబట్టి, “బాగా వేగింది” అని మెచ్చుకున్నారు కూడా.

ఇలా ఉండగా ఒక పెద్ద స్కూలువాళ్ళు యూనిఫారాలన్నీ టైలరమ్మనే కుట్టమన్నారు. ఆవిడ ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న పని. చెప్పిన రోజుకి ఇవ్వకపోతే ఇంకొకరికి వెళ్ళిపోతుంది. పొడుగాటి కత్తిరింపు బల్ల ఒకటి వడ్రంగికి పురమాయించి, సాయంత్రం భర్తతో అంది.

“ఏవండీ, సోమవారం బల్ల వస్తోంది. గోడ ఖాళీ చెయ్యాలి.”

“ఏ గోడ?”

“మనకున్న గోడ.”

“అక్కడ టీవీ ఉంది కదా!”

“ఉంది కాబట్టే ఖాళీ చెయ్యమంటున్నాను. లేకపోతే మిమ్మల్నెందుకు అడుగుతాను?”

“ఆ టీవీ తీసేస్తే నా సినిమా ఎక్కడ చూడాలి?”

మూల కూర్చుని లెక్కలు చేసుకుంటున్న కూతురు తలెత్తింది. ఆరో తరగతి. నోరు తెరిస్తే ప్రశ్నే కాబట్టి ఇంట్లో అందరూ ప్రశ్నలపాప అంటారు.

“నాన్నా, ఆ సినిమా మళ్ళీ కొత్తగా తీశారు తెలుసా? మా క్లాసులో అందరూ చూసేశారు. అందులో మబ్బు మాట్లాడుతుందట!”

“మబ్బు మాట్లాడ్డమేమిటి! దానికి సినిమా ఎందుకు, వాతావరణ వార్తలు వింటే సరిపోదా?”

“మరి పాతదాంట్లో మబ్బుకి కట్టిన తీగ కనిపిస్తుందిగా?”

“అది తీగ కాదు. వాన చార.”

“మబ్బు పైనుంచి కూడా వాన పడుతుందా నాన్నా?”

కరకరగారు నీళ్ళు తాగడానికి లేచారు. టైలరమ్మ నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. ఆవిడ సూదులు తీసి మాట్లాడిందంటే విషయం ముదిరిందని అర్థం.

“రోజంతా బిస్కెట్లకి పోటీ పెడతారు కదా, సినిమాలకీ పెట్టండి. ఆదివారం రెండూ చూద్దాం. పాతది గెలిస్తే టీవీ విషయంలో మీ మాటే చెల్లుతుంది. కొత్తది గెలిస్తే నా మాట.”

“పరీక్ష నేనే నడుపుతాను. నువ్వు మధ్యలో వేలు పెట్టకూడదు.”

“మీ పరీక్షలో నా వేలెందుకండీ? దానికి వేరే పనుంది,” అని ఆవిడ మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుంది.

కరకరగారికి రాత్రికి రాత్రే ధైర్యం వచ్చింది. పరీక్ష పెట్టడమంటే ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. రుచి చూసేవాళ్ళందరికీ ఒకే రకం కుర్చీ ఉండాలి, ఒకే వెలుతురు ఉండాలి, ఎవరూ ఆకలి మీద ఉండకూడదు, ఎవరికీ కడుపు నిండి ఉండకూడదు. ఇందులో ఏది తేడా వచ్చినా మంచి బిస్కెట్ ఓడిపోతుంది. ఇన్నేళ్ళుగా ఆ తేడా రాకుండా చూడ్డమే ఆయన ఉద్యోగం. తేడా ఎలా తేవాలో ఆయనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరుంటారు? ఆ శనివారం ఆయన ఉద్యోగంలో నేర్చుకున్న నిజాయితీనంతా తిరగేసి పట్టుకున్నారు.

కొత్త సినిమా ముందు. భోజనాలకి ముందు. పాప స్కూలు పనికి వాడుకునే చిన్న ల్యాప్‌టాప్‌లో. కిటికీకి ఎదురుగా, తెర మీద ఎండ పడేలా. కూర్చోడానికి వీపు ఆనని ముక్కాలిపీటలు.

పాత సినిమా తర్వాత. భోజనాలు అయ్యాక. కిటికీ తెరలు దించి, ఫ్యాను వేసి, ఇంట్లో ఉన్న దిళ్ళన్నీ పరిచి.

తీర్పు చెప్పేవాళ్ళు నలుగురు. కరకరగారి అమ్మ, ప్రశ్నలపాప, టైలరమ్మ, పైవాటా బాబాయి. ఆ బాబాయి బస్సు కండక్టరు చేసి రిటైరయ్యాడు. బస్సు వదిలాడు గానీ మాట వదల్లేదు. ఏం మాట్లాడినా చివర్న ‘రైట్ రైట్’ అంటాడు.

ఆదివారం పదకొండింటికి అందరూ పీటల మీద కూర్చున్నారు.

“ఏమిట్రా ఈ పీట, ఊగుతోంది?” అంది అమ్మ.

“నిటారుగా కూర్చుంటే శ్రద్ధ కుదురుతుందమ్మా. ఫ్యాక్టరీ రూలు.”

“కిటికీ తెర ఎందుకు తీశారు? తెర మీద నా మొహం తప్ప ఏమీ కనపడట్లేదు,” అంది టైలరమ్మ.

“సహజమైన వెలుతురులో చూడాలి. ఫ్యాక్టరీ రూలు.”

“టిఫిన్ కూడా పెట్టలేదేం అబ్బాయ్?” అన్నాడు బాబాయి.

“నాలుక శుభ్రంగా ఉండాలి బాబాయి.”

“సినిమా నాలుకతో చూస్తారా తాతా?” అని పాప బాబాయిని అడిగింది.

“మీ నాన్న చూస్తాడేమో. రైట్ రైట్, మొదలెట్టండి.”

సినిమా మొదలైంది. ఎండలో ఒక్క ముక్క కనపడలేదు. బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు, అమ్మ పైట అడ్డం పెట్టింది. కరకరగారు వెనకాల నిలబడి, పాపం అన్నట్టు తలూపుతూ లోపల మురిసిపోయారు. ఇంతలో టైలరమ్మ లేచింది. లోపల్నుంచి యూనిఫారాల నీలం బట్ట తాను తెచ్చి, ఒక కొస కిటికీ ఊచకి కట్టి, ఒక కొస తలుపు గొళ్ళేనికి తగిలించి, అందరి నెత్తిన డేరాలా పరిచేసింది.

“ఇది రూలుకి విరుద్ధం!” అన్నారు కరకరగారు.

“ఎండే రూలా ఏమిటండీ? జరగండత్తయ్యా, ఇలా దగ్గరగా రండి.”

డేరా లోపల నీలం చీకటి. చిన్న తెర కాబట్టి నలుగురూ తలలు ఆనించుకుని కూర్చోవలసి వచ్చింది. పీటలు ఊగుతాయి కాబట్టి ఒకళ్ళనొకళ్ళు పట్టుకోవలసి వచ్చింది. ఆకలికి ఎవరికీ కునుకు రాలేదు. ఒక్కరు నవ్వితే నలుగురూ ఊగారు. మబ్బు ఉరిమినప్పుడు అమ్మ బాబాయి చెవిలో కెవ్వుమంది. బాబాయి “హోల్డాన్!” అని అరిచాడు.

బయట నిలబడ్డ కరకరగారికి నవ్వులు వినిపిస్తున్నాయి గానీ ఎందుకో తెలియట్లేదు. పరీక్ష సక్రమంగా జరుగుతోందో లేదో చూసే బాధ్యత ఉంది కదా అని బట్ట ఎత్తి తల దూర్చారు. తర్వాత భుజాలు దూర్చారు. కాసేపటికి మొత్తం మనిషి లోపలున్నారు. చివర్లో కొత్త మబ్బు ఆ అమ్మాయికి వీడ్కోలు చెబుతూ పాట పాడుతుంటే, డేరాలో ఎవరో గట్టిగా ముక్కు చీదారు.

“నాన్నా, ఏడుస్తున్నావా?”

“నీలం రంగు. కళ్ళకి పడదు,” అన్నారు కరకరగారు.

భోజనాల దగ్గర ఆయన కొసరి కొసరి వడ్డించారు. వద్దన్నా వినలేదు. తన పుట్టింటివాళ్ళు వచ్చినప్పుడు కూడా ఆయన అంత మర్యాద చేసినట్టు టైలరమ్మకి గుర్తులేదు. బాబాయి బెల్టు వదులు చేసుకున్నాడు. అమ్మ చెయ్యి కడుక్కోడానికి లేవలేక కూర్చున్నచోటే కడుక్కుంది. తర్వాత అందరూ ముందుగదిలో దిళ్ళ మీద వాలారు. తెరలు దిగాయి. ఫ్యాను చల్లగా తిరిగింది. కరకరగారు క్యాసెట్ని రెండు చేతులతో లోపలికి తోశారు. బొమ్మ పైకీ కిందకీ దొర్లింది. మూపురం మీద ఒక్క దెబ్బ వేస్తే నిలబడింది.

బట్టల తాడు మీద మబ్బు కనిపించింది.

“చూశారా, దూదితో చేశారు! మనుషులు చేత్తో చేశారు!” అని వెనక్కి తిరిగారు.

అమ్మ నిద్రపోయింది.

మబ్బు అటకెక్కేసరికి బాబాయి తల వెనక్కి పోయింది. నోరు తెరుచుకుంది.

“బాబాయీ, ఇప్పుడొచ్చే సీను చూడాలి!”

“టికెట్ తీసుకున్నవాళ్ళు ముందుకి జరగండి,” అన్నాడు బాబాయి కళ్ళు తెరవకుండా. “రైట్... రైట్...”

పాప మాత్రం కాసేపు మెలకువగా ఉంది. “తీగ! అదిగో తీగ! ఇంకో తీగ!” అని లెక్కపెడుతూ పోయింది. తీగలు లెక్కపెడుతుంటే ఎవరికైనా నిద్రొస్తుంది. సినిమా సగమయ్యేసరికి పాప కూడా తల్లి ఒళ్ళో తల పెట్టేసింది.

కరకరగారికి చెమట పట్టింది. ఫ్యాక్టరీలో నిద్రపోయే తీర్పరులు లేరు. దానికి రూలు లేదు. ఏం చెయ్యాలో తోచక డబ్బాలోంచి బిస్కెట్లు తీసి, ఒక్కొక్కరి చెవి దగ్గరా పెట్టి విరవడం మొదలుపెట్టారు. మంచి బిస్కెట్లు. చప్పుడు ఫెళ్ళుమంది.

అమ్మ ఒక కన్ను తెరిచింది. “ఎలకలు పడ్డాయిరా,” అని మళ్ళీ మూసుకుంది.

టైలరమ్మ మాత్రం గోడకి ఆనుకుని, ఒక చొక్కా కాలరుకి చేతికుట్టు వేసుకుంటూ, మధ్యమధ్యలో తెర వైపు చూస్తూ, మబ్బు వెళ్ళిపోయేదాకా కూర్చుంది.

టీ తాగాక తీర్పు. కరకరగారు నిలబడి, “కొత్తది బాగుందనేవాళ్ళు చెయ్యెత్తండి,” అన్నారు. అమ్మ, బాబాయి, పాప ముగ్గురూ ఎత్తారు. పాప రెండు చేతులూ ఎత్తింది.

“చెల్లదు!” అన్నారు కరకరగారు. ఈ మాట ఆయన సిద్ధం చేసి పెట్టుకున్నారు. “నోట్లో పెట్టుకోకుండా బిస్కెట్ మీద అభిప్రాయం చెప్పకూడదు. పాతది చూడకుండా నిద్రపోయినవాళ్ళ ఓటు ఎలా చెల్లుతుంది?”

“నేను కళ్ళు మూసుకుని విన్నాను అబ్బాయ్.”

“అయితే చెప్పు, ఆ అమ్మాయి మబ్బుని దేంట్లో పెట్టి కిందికి దింపింది?”

బాబాయి ఆలోచించాడు. “బస్సులో,” అన్నాడు.

“బకెట్లో! చూశారా? మూడు ఓట్లు కొట్టేశాను.”

“ఓటు పోతే పోయింది, నా పడక ఇలాగే ఉండనీ,” అని అమ్మ దిళ్ళ మీద మళ్ళీ వాలిపోయింది.

ఇంక మిగిలింది ఒక్క ఓటు. ఆ ఓటు ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది కరకరగారికి. గోడ కావలసినావిడది. మూడు ఓట్లు కొట్టేసినప్పటి గాలంతా ఒక్కసారిగా దిగిపోయింది.

“నేను నిద్రపోలేదు కదండీ. నాది చెల్లుతుందా?”

“చెల్లుతుంది,” అన్నారాయన, పన్ను పీకించుకునేవాడిలా.

“అయితే పాతది.”



“ఏమన్నావ్?”

“పాతదే బాగుంది అన్నాను. వినపడలేదా?”

“అమ్మా! నువ్వు కూడా ఏడ్చావు కదా డేరాలో!” అంది పాప.

“ఏడ్చానే. ఏడిపించేలాగే తీశారు. పైగా కొత్తదాంట్లో ఆ పిల్ల వాళ్ళమ్మకి ఓ ఉద్యోగం ఇచ్చారు, నాలుగు మాటలు ఇచ్చారు, అది నాకు నచ్చింది. పాతదాంట్లో ఆవిడ గుమ్మంలో నిలబడి చెయ్యి తుడుచుకోవడమే సరిపోయింది.” టైలరమ్మ దారం పంటితో తెంపింది. “కానీ ఆ గౌను చూశావా? కొత్తదాంట్లో మబ్బు కుండపోతగా కురిసినా గౌనుకి ఇస్త్రీ మడత చెదరదు. పాతదాంట్లో తడిసి, ఆరి, తడిసి, చివరికొచ్చేసరికి కుదించుకుని మోకాళ్ళ పైకి వచ్చేసింది. నూలు బట్ట అంతే. మోచేతి దగ్గర చిరిగింది. తర్వాత సీన్లో అక్కడ అతుకు ఉంది. ఎవరేశారో చెప్పలేదు. చెప్పక్కర్లేదు.”

“మరి దూది మబ్బు?”

“దూదిదే. ఆ పిల్లకి మాత్రం అది మబ్బే. కళ్ళు దాని మీదే ఉంటాయి. కొత్తదాంట్లో మబ్బు నిజంలాగే ఉంది, పిల్ల చూపు మాత్రం దాని పక్కకి పోతోంది. ఇంకా, వెళ్ళేటప్పుడు కొత్త మబ్బు ఎందుకు వెళ్తోందో అంతా విడమరిచి, పాట పాడి మరీ వెళ్ళింది. వెళ్ళిపోయేవాళ్ళు అంత చెప్పరే.”

కరకరగారు మళ్ళీ ముక్కు చీదారు. ఈసారి నీలం బట్ట కూడా లేదు. ప్రతి ఆదివారం గోడవారన బొత్తాలు కుట్టుకుంటూ కూర్చుని ఈవిడ ఇదంతా చూసిందన్నమాట. ఆవిడ మీద తను ఎంత ఎత్తు వేశారో తలుచుకుని కాస్త సిగ్గుపడ్డారు. ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు. గెలిచారు మరి.

“విన్నావా బాబాయీ! పరీక్షంటే ఇదీ!” అంటూ గదిలో అటూ ఇటూ తిరిగారు.

“బాగుందండీ,” అంది టైలరమ్మ టీ గ్లాసులు తీస్తూ. “నాకు తెలియక అడుగుతాను. మీ ఫ్యాక్టరీలో పోటీలో గెలిచిన బిస్కెట్‌ని ఏం చేస్తారు? మీరే తినేస్తారా?”

“తినడమా!” కరకరగారికి ఇంతకన్నా ఇష్టమైన ప్రశ్న లేదు. “దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అది మాకు కొలబద్ద. గట్టిగా సీలు వేసి, చల్లగా, చీకటిగా ఉండే గదిలో పెట్టి తాళం వేస్తాం. వెలుతురు తగిలితే పాడవుతుంది. మాటిమాటికీ తీస్తే పాడవుతుంది.”

“అస్సలు తీయరా?”

“కొత్త సరుకు తయారైనప్పుడు తీస్తాం. పక్కపక్కన పెట్టి పోల్చి, మళ్ళీ లోపల పెట్టేస్తాం. మొన్న ఒక కుర్రాడు ఊరికే చూద్దామని తీస్తే చీవాట్లు పెట్టాను. గెలిచినదాన్ని రోజూ బయట పెట్టుకుని ఆడుకుంటారా ఎక్కడైనా?”

బాబాయి గడ్డం గోక్కుంటూ పైకి చూశాడు. పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కరకరగారు ఇంకా చెబుతూనే ఉన్నారు. “తేమ కూడా తగలకూడదు. మందంగా గుడ్డ చుట్టి...”

అక్కడ ఆగారు.

“చుట్టడానికి గుడ్డ నేనిస్తాను,” అంది టైలరమ్మ. “సామాన్ల గదికి కిటికీ లేదు. చల్లగా, చీకటిగా ఉంటుంది. తాళం కూడా ఉంది.”

“అదేమిటి! పందెం నేను గెలిచాను!”

“గెలిచారండీ. పాతది గెలిస్తే టీవీ విషయంలో మీ మాటే చెల్లుతుందన్నాను. మీ మాట ఇప్పుడే కదా చెప్పారు.”

“నేను చెప్పింది బిస్కెట్ గురించి!”

“బిస్కెట్‌కే అంత మర్యాద చేస్తే మబ్బుకి చెయ్యొద్దా? ఆ క్యాసెట్ అరిగిపోతోంది, చూసుకున్నారా? ఉరుము సీన్లో ఇవాళ బొమ్మే లేదు, ఉత్త చప్పుడు. ప్రతి వారం వేస్తే ఇంకో ఏడాదికి మబ్బు కూడా ఉండదు. ఆ పిల్ల ఖాళీ డాబా మీద ఒక్కతే నిలబడాలి.”

కరకరగారు టీవీ వైపు చూశారు. బొమ్మ లేని సీను ఆయనకీ తెలుసు. తెలియనట్టు ఉంటున్నారు, అంతే.

“మరి నాకు చూడాలనిపిస్తే?” అన్నారు, గొంతు బాగా తగ్గించి.

“రూలు మీరే చెప్పారుగా. ఆ సినిమా ఎవరైనా మళ్ళీ తీస్తే తాళం తీద్దాం. పక్కపక్కన పెట్టి పోల్చేసి, మళ్ళీ లోపల పెట్టేద్దాం.”

“నాన్నా, మళ్ళీ ఎప్పుడు తీస్తారు?” అంది పాప.

కరకరగారు చొక్కా చేతులు పైకి మడిచి టీవీకి అటువైపు పట్టుకున్నారు. బాబాయి ఇటువైపు పట్టుకున్నాడు. టైలరమ్మ ముందు నడుస్తూ తలుపులు తీసింది.

“నెమ్మదిగా అబ్బాయ్, గుమ్మం! హోల్డాన్... ఆ, ఇప్పుడు రైట్ రైట్!”

ఆ అరుపుకి దిళ్ళ మీద అమ్మకి మెలకువ వచ్చింది. ఖాళీగా ఉన్న గోడనీ, టీవీ మూపురం కిందనుంచి కనిపిస్తున్న కొడుకు కాళ్ళనీ చూసింది.

“ఇంతకీ ఏది గెలిచిందిరా?”

“పాతదేనమ్మా,” అన్నారు కరకరగారు రొప్పుతూ.